పాయింట్లు పీకేసే ముందు బ్యాటరీ చూడండి



పాత బుల్లెట్లు ఉన్న సభ్యులందరికీ ఒకే రకం ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్లు సంఘం డబ్బుతో మొత్తంగా కొనేసి, తర్వాత నెలనెలా వసూలు చేసుకుందామని గ్రూపులో పెట్టిన ప్రతిపాదన చూశాం. దాని కింద వరసగా పడిన చప్పట్ల బొమ్మలూ చూశాం. మేము దీనికి ఒప్పుకోము. మేము అంటే ముప్పై ఏళ్ళుగా ఆ బళ్ళని తన్ని నడుపుతున్నవాళ్ళం. తమిళ మీడియంలో చదివి తెలుగు ఇంట్లో నేర్చుకున్నవాళ్ళం, చుట్టు తిప్పి చెప్పడం మాకు రాదు.

“ఎలక్ట్రానిక్ అంటే పెద్దాళ్ళకి భయం” అని ఒక తమ్ముడు రాశాడు. నాయనా, అట్ట టిక్కెట్టు మీద తేదీ గుద్దిన కాలం నుంచి కంప్యూటర్ రిజర్వేషన్ దాకా రైల్వేలో పనిచేసి దిగినవాళ్ళం మాలో ఉన్నాం. కొత్త సామాను చూసి జడుసుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. కిట్టు చెడ్డదని మేము అనడం లేదు. బండికి సరిపడిన మంచి కిట్టు పాయింట్లకంటే మేలే. అరిగే మడమ ఉండదు, గ్యాప్ మారదు, టైమింగ్ ఒకసారి పెడితే నిలుస్తుంది. మా తగాదా అంతా, ఏ బండి ఏ స్థితిలో ఉందో చూడకుండా అందరికీ ఒకే మందు పోయడం మీద.

మన ఊళ్ళో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది 1955లో. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీదీ అదే ఏడు. అప్పటి పద్ధతి పాయింట్లు ఎంత సులువైనవంటే, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల సందు, ఒక కండెన్సర్, ఒక కాయిల్, అంతే. ఇంజన్ 3000 చుట్లు తిరిగితే ఆ పాయింట్లు నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకి 25 సార్లు తెరుచుకుంటాయి. ఇన్నిసార్లు కొట్టుకునేది అరుగుతుంది, నిజమే. కానీ మన గ్రూపులో “పాయింట్లు పాడు” అని పెట్టే ఫిర్యాదుల్లో చాలావరకు పాయింట్లవి కావు. తెరుచుకునేటప్పుడు మధ్యలో పెద్ద నీలం నిప్పు కనబడి, పలకలు త్వరత్వరగా కాలిపోతుంటే కండెన్సర్‌ని అనుమానించండి. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయితే కండెన్సర్, కాయిల్ రెండూ చూడండి. తక్కువ వేగంలో బాగుండి, గట్టిగా తిప్పితే బండి లాగకపోతే ఆటో అడ్వాన్స్ గుండ్లు తుప్పు పట్టాయేమో, స్ప్రింగులు సాగాయేమో చూడండి.

అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు. కిట్లు ఒక రకం కాదు. ఒక రకంలో పాయింట్లు అలాగే ఉంటాయి, కాయిల్ కరెంటుని మాత్రం ట్రాన్సిస్టర్ మోస్తుంది. పలకలు కాలవు గానీ మడమ అరుగుతూనే ఉంటుంది. రెండో రకంలో పాయింట్ల చోట అయస్కాంతం, సెన్సర్ వస్తాయి, పాత గుండ్లూ స్ప్రింగులూ అక్కడే ఉంటాయి. గుండ్లు ఇరుక్కున్న బండికి ఈ కిట్టు వేస్తే పాత రోగం పాతదిగానే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది. మూడో రకంలో అడ్వాన్స్ కూడా ఎలక్ట్రానిక్ పెట్టే చూసుకుంటుంది. అన్నిటికన్నా మంచిది ఇదే, వోల్టేజి విషయంలో ఎక్కువ మారాం చేసేదీ ఇదే.

ఆ మారాం ఏమిటో మన పెద్దాయన ఒకరి కాలు చెబుతుంది. డెబ్బై దాటిన మనిషి. ఒక అంగడివాళ్ళు ఆయన బండికి మూడో రకం కిట్టు వేసి పంపారు. బ్యాటరీ నీరసంగా ఉంది, చార్జింగ్ చూసిన పాపాన ఎవరూ పోలేదు. వోల్టేజి పడిపోతే కొన్ని కిట్లు నిప్పుని రావలసినదానికన్నా ముందే ఇస్తాయి. పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుంటే కిక్కు రాడ్డు ఎదురు తంతుంది. ఆయన మడమ వాచి మూడు వారాలు మంచం దిగలేదు. అడిగితే “మీ ఇంజన్ పాతది సార్” అన్నారట. పాతదని తెలిసే కదయ్యా తెచ్చింది! (గుండ్లు అడ్వాన్స్‌లో ఇరుక్కుంటే పాయింట్ల బండీ ఎదురు తంతుంది, న్యాయంగా అది కూడా చెప్పాలి.)

ఇంకొకటి, బుల్లెట్ మీద ఆమీటర్ ముల్లు. పాయింట్లు మూసుకుంటే మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకుంటే మధ్యకి వస్తుంది. డీకంప్రెసర్ పట్టుకుని, ముల్లు చూసుకుని, పిస్టన్‌ని సరైన చోటికి తెచ్చి తన్నడం మాకు అలవాటు. ఇంజన్ తిరగనప్పుడు చాలా కిట్లు కాయిల్‌కి కరెంటు ఆపేస్తాయి, కాయిల్ కాలకుండా. మంచిదే. కానీ ముల్లు ఇక మాట్లాడదు. ఆ సంగతి ముందే చెప్పి, చేతికి తగిలే కంప్రెషన్‌ని బట్టి తన్నడం నేర్పాలి కదా?

రైల్వేలో సిగ్నల్ పాడైనా ఎర్రగానే పాడవ్వాలని కడతారు. పాయింట్లు కూడా అలాగే చెప్పి చెప్పి పాడవుతాయి. దారిలో గరుకు కాగితం ముక్కతో తుడిచి ఇల్లు చేరొచ్చు. కిట్టు పెట్టె పోతే ఒక్క మాట చెప్పకుండా పోతుంది. అందుకని ఏ కిట్టు వేసినా పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ సామాను పెట్టెలో ఉండాలి. వాటిని పాత ఇనుముకి ఇచ్చేయమని ఆ ప్రతిపాదనలో రాసిన వాక్యం ఒక్కటి చాలు, రాసినవాళ్ళు ఎప్పుడూ వానలో బండి తోయలేదని చెప్పడానికి.

ఇక 6 వోల్టుల బళ్ళ మాట. మనవాళ్ళ దగ్గర అవి ఇంకా ఉన్నాయి. ఇప్పుడు చూపిస్తున్న కిట్టు 12 వోల్టులది. దానికోసం ఆ బండిలో బ్యాటరీ, కాయిల్, బల్బులు, హారన్, రెగ్యులేటర్ అన్నీ మార్చాలి. ఆ ఖర్చు ప్రతిపాదనలో ఎక్కడ? కాయిల్ ఎన్ని ఓములు ఉండాలో, ప్లగ్ క్యాప్‌లో రెసిస్టర్ ఉండాలో వద్దో, అదీ రాయలేదు. రెసిస్టర్ లేని క్యాప్ వేస్తే కొన్ని డిజిటల్ పెట్టెలు తిక్కగా ప్రవర్తిస్తాయి. ప్లగ్గు ఊడదీసి ఎర్తు తగలకుండా కిక్ కొట్టి చూసినా పెట్టె కాలిపోవచ్చు. అప్పుడు గ్యారంటీ ఎవరిస్తారు, అంగడివాడా, మన కోశాధికారా?

కమిటీని మేము అడిగేది ఇది. ముందస్తు చెల్లింపు ఆపండి. ఒక మంచి మల్టీమీటర్ కొనండి, కిట్టు ధరలో కొంచెమే అవుతుంది. ఆదివారం పొద్దున మన హాలు ముందు బళ్ళన్నీ నిలపండి. 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించాలి, బండి తిప్పితే 14 దరిదాపుకి రావాలి. రాని బండికి ముందు చార్జింగ్ బాగు చేద్దాం. వచ్చిన బండికి గుండ్లు విప్పి చూద్దాం. ఆ తర్వాత ఎవరికి ఏ కిట్టు కావాలో వాళ్ళు సొంత డబ్బుతో కొనుక్కుంటారు, బిగించడానికి మేము స్పానర్లు పట్టుకుని వస్తాం. 6 వోల్టులవాళ్ళు బళ్ళు నీడలో పెట్టండి, మీ దగ్గర ఎక్కువసేపు పడుతుంది.