హస్తవాసి ఎవరిది?

వైద్యుని గురించి మన తెలుగువారు చెప్పే పెద్ద ప్రశంస ఒకటున్నది: "ఆయన హస్తవాసి మంచిది" అని. మందు అదే అయినా ఫలానావారి చేతి మీదుగా పుచ్చుకొంటే గుణమిస్తుందని ఒక విశ్వాసం. ఆ విశ్వాసంలోని నిజానిజాల మాట అటుంచుదాము. మందు ఇచ్చే చేతికి ఇంత చక్కని మాటను కల్పించుకొన్న మనము, మందు పుచ్చుకొనే చేతిని గురించి ఆలోచించినట్లు మాత్రం కనిపించదు.

మాత్ర మ్రింగుటకు నోరు చాలును. సూదిమందుకు మరొకరి చేయి తోడుగా ఉంటుంది. ఉబ్బసానికీ, దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బుకీ ఇచ్చే పీల్చే మందు సంగతి అట్లా కాదు. అక్కడ రోగి చేయే సగం వైద్యుడు. ఇన్హేలరును పట్టవలె, నొక్కవలె, త్రిప్పవలె. కొన్నిటిలో చిన్న గుళికను చిన్న కన్నంలో కూర్చవలె. ఇవన్నీ చేయగల వేళ్ళు ఆ మనిషికి ఉన్నవా అని అడిగే వైద్యులు లేకపోలేదు గాని, అరుదు. నేను చెప్పదలచినది ఇంతే: ఊపిరితిత్తులను పరీక్షించి మందును నిర్ణయించవచ్చును, చేతులను చూడకుండా పరికరాన్ని నిర్ణయించరాదు.

ఇది ఎవరో కొద్దిమంది సమస్య అనుకొనుటకు వీలు లేదు. ఆయాసమూ, పట్టు తప్పిన చేతులూ తరచుగా ఒకే వయసులో, ఒకే శరీరంలో కలుస్తాయి. దశాబ్దాల పాటు కట్టెలపొయ్యి పొగను పీల్చిన స్త్రీలు, చుట్టలు కాల్చిన పురుషులు, శ్రీకాకుళం, విశాఖ తీరాలలో నిప్పును నోటి లోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగిన ముదుసళ్ళు - వీరందరి ఊపిరితిత్తులకు వయసుతో పాటు జబ్బూ ముదురుతుంది. అదే వయసులో కీళ్ళవాతము వ్రేళ్ళను వంకరలు త్రిప్పుతుంది. బొటనవ్రేలి మొదట కీలు అరిగి సీసా మూత తీయుటే గగనమవుతుంది. పక్షవాతము ఒక చేతిని పూర్తిగా హరిస్తుంది. వణుకుజబ్బు రెండు చేతులనూ నిలువనీయదు. మధుమేహము ముదిరినవారికి వ్రేళ్ళలో స్పర్శ తగ్గి, కీళ్ళు బిగిసిపోవుట కద్దు. 2005 చివర మొదలై 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులకు కారణమైన చికున్‌గున్యాను ఆంధ్రదేశంలో ఎవరూ మరచిపోలేదు. జ్వరము పోయినా కొందరి మణికట్లలో, వ్రేళ్ళలో ఆ నొప్పి నెలలు, సంవత్సరాలు నిలిచిపోయినది.

పరికరము సంగతి చూతము. నొక్కితే తుంపరగా మందు వచ్చే ఇన్హేలరు 1956లో అమెరికాలో బజారుకు వచ్చినది. దాని పుట్టుకకు ఒక బాలిక కారణమని చెబుతారు. మందుల సంస్థ అధిపతి కుమార్తె, పదమూడేండ్ల పిల్ల, ఉబ్బసపు రోగి. కేశాలకు కొట్టుకొనే తుంపరడబ్బా వలె తన మందు కూడా ఎందుకు ఉండరాదని తండ్రిని అడిగినదట. అంతకు ముందు రబ్బరు బుడ్డిని పిసికి గాజుగొట్టము గుండా మందు పీల్చే అవస్థ ఉండేది. ఎంత మంచి ప్రశ్న! పరికరము తన చేతికి అనువుగా లేదని రోగి చెప్పినది, విన్నవారు దానిని మార్చినారు. అయితే పదమూడేండ్ల చేతికి సులువైనది డెబ్బది మూడేండ్ల చేతికి కూడా సులువే అని తరువాతివారు అనుకొన్నారు. చిక్కంతా అక్కడ వచ్చినది.

ఆ చిన్న డబ్బా ఏమేమి కోరుతుందో లెక్కవేయండి. మూత ఊడదీయవలె. డబ్బాను బాగుగా కుదుపవలె. ఊపిరి వదలి, పెదవులు బిగించి, నెమ్మదిగా పీల్చుట మొదలుపెట్టిన క్షణాననే బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య గట్టిగా నొక్కవలె. అటుపైన పది సెకన్లు ఊపిరి బిగబట్టవలె. నొక్కుట ముందైతే మందు నాలుకకు తగులుతుంది. వెనుకైతే పీల్చినది వట్టి గాలి. వీణ వాయించేవారికైనా కుడిచేయి, ఎడమచేయి కలియుటకు సంవత్సరాల సాధన కావలె. ఇక్కడ ఆయాసంలో ఉన్న ముసలిప్రాణము వ్రేలినీ ఊపిరినీ ఒకే తాళంలో కలుపవలసి ఉన్నది.

మన దేశంలో విరివిగా వాడేది మరొక రకము: రోటాహేలర్ వంటి పొడిమందు పరికరము. ఇందులో నొక్కే పని లేదు, తాళము కలిపే పని లేదు. ధర కూడా తక్కువ. కనుక పెద్దవారికి ఇదే సులువని ఇస్తారు. కాని ప్రతిసారీ సీసా మూత త్రిప్పి, ఒక గుళికను రెండు వ్రేళ్ళతో ఏరి, దాని కొలతకు చేసిన కన్నంలో నిలువుగా గ్రుచ్చి, అడుగుభాగాన్ని త్రిప్పి గుళికను విడదీసి, ఆపైన బలంగా, వేగంగా పీల్చవలె. స్పర్శ తగ్గిన వ్రేళ్ళకు గుళిక దొరకదు. వణికే వ్రేళ్ళకు నిలువదు. తడిచేతితో పట్టుకొంటే మెత్తబడుతుంది.

మా బంధువులలో ఒక పెద్దావిడ ఉన్నారు. కీళ్ళవాతముతో వ్రేళ్ళు పూర్తిగా ముడుచుకొనిపోయినవి. ఆవిడకు ఈ గుళికల పరికరమునే వ్రాసి ఇచ్చినారు. పగలు ప్రక్కవాటా పిల్లవాడు వచ్చి గుళికను కూర్చి ఇచ్చేవాడు. రాత్రి రెండు గంటలకు ఆయాసము వస్తే? "పిల్లవాణ్ణి నిద్ర లేపడమెందుకు నాయనా, తెల్లవార్లూ కూర్చునే ఉంటాను" అన్నదా తల్లి. మందు తలగడ ప్రక్కన ఉన్నది, చేతికి అందుతున్నది, ఐనా ఊపిరికి అందుట లేదు. మళ్ళీ చూపించుకొనుటకు పోతే "మందు సరిగా వాడుట లేదు" అని మందలింపు. మందు మోతాదు పెంచినారు గాని ఆ చేతులను ఎవరూ చూడలేదు. రోగి నిర్లక్ష్యము అని మనము వ్రాసుకొనే వాటిలో ఎన్ని ఇటువంటివో!

పరిష్కారము లేనిదైతే దుఃఖించి ఊరుకొందుము. ఇది అట్టిది కాదు. ఒక్కొక్క చేతికి తగిన ఉపాయము ఒక్కొక్కటి ఇప్పటికే ఉన్నది.

పట్టు ఉండి తాళము కుదరనివారికి స్పేసర్ అనే బోలు గొట్టము ఉన్నది. ఇన్హేలరును దాని వెనుక తగిలించి ఒకసారి నొక్కితే మందు గొట్టంలో నిలుస్తుంది. వెంటనే నెమ్మదిగా పీల్చుకొనవచ్చును. నొక్కేది ఇంట్లో ఇంకొకరైనా ఫరవాలేదు. పెదవులు బిగియనివారికి దానికే ముఖానికి అమర్చే మాస్కు ఉన్నది. సబ్బునీటిలో ముంచి గుడ్డతో తుడువక గాలికి ఆరనిస్తే చాలును.

ఒక వ్రేలితో నొక్కలేనివారు రెండు చేతుల చూపుడువ్రేళ్ళను డబ్బా మీద, బొటనవ్రేళ్ళను క్రింద ఉంచి నొక్కవచ్చును. అదీ చాలనివారికి ఇన్హేలరు చుట్టూ తొడిగే ప్లాస్టిక్ మీట కొన్ని దేశాలలో దొరుకుతుంది. రెండు వ్రేళ్ళ బలము బదులు అరచేయి మొత్తపు పట్టుతో పిసికితే చాలును.

నొక్కుటే కూడనివారికి పీల్పుతోనే విడుదలయ్యే ఇన్హేలరులు ఉన్నవి. మూతనో మీటనో ఒకసారి సరిచేసి పీల్చుట మొదలుపెడితే, ఆ గాలి ఒరవడికే మందు తనంతట తాను వస్తుంది. ఐతే ఆ మూతను, మీటను తీయుటకు ఎంత బలము కావలెనో ముందుగా చూచుకొనవలె.

పొడిమందులోనూ తేడాలున్నవి. గుళికను కన్నంలో గ్రుచ్చి త్రిప్పవలసినదాని కన్న, మూత తెరచి గుంటలో వేసి మూసినంతనే సూది గ్రుచ్చుకొనేది కొంత నయము. గుళికలే లేకుండా నెలకు సరిపడు మందు లోపలే ఉండి, మీట జరిపితే ఒక్కొక్క మోతాదు సిద్ధమయ్యేది ఇంకా నయము. ఒకటి మరువరాదు: పొడిమందుకు పీల్పులో బలము కావలె. అది లేనివారికి చేతుల సౌకర్యము ఎంత ఉన్నా ప్రయోజనము లేదు.

ఇవేవీ కుదరనప్పుడు నెబ్యులైజర్ ఉన్నది. మాస్కు పెట్టుకొని మామూలుగా ఊపిరి తీస్తే చాలును. కాని మందు గొట్టపు మెడను విరుచుటకు మళ్ళీ వ్రేళ్ళే కావలె. కడుగుటకూ అవే కావలె. కరెంటు పోతే ప్రత్యామ్నాయము ఉండవలె. అందుచేత అదే సర్వరోగ నివారిణి అన్నట్లు కొని తెచ్చి మూలపెట్టుటలో అర్థము లేదు.

ఇక్కడ ఒక విచిత్రము చెప్పక తప్పదు. ఎలక్ట్రానిక్ సిగరెట్టు అనే వస్తువు ఉన్నది. మన దేశంలో దాని ఉత్పత్తి, దిగుమతి, అమ్మకము, ప్రకటన 2019 నాటి చట్టముతో నిషిద్ధము. మొదటి తప్పుకే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చును. నికోటిన్ వ్యసనము అంటగట్టే ఆ వస్తువు మీద నాకు సానుభూతి లేదు. అది ఉబ్బసానికి మందు కాదు సరికదా, చెరుపు. కాని దానిని అమ్ముకొనే దేశాలలో చాలా రకాలకు మీట కూడా ఉండదు. నోట పెట్టి పీల్చితే లోపలి సెన్సరు గాలిని పసిగట్టి తానే వెలుగుతుంది. కొనేవాని వ్రేలికి ఇసుమంత శ్రమ కలిగితే బేరము పోతుందని అమ్మేవానికి తెలుసు. వ్యసనానికి ఇంత మర్యాద చేసే ప్రపంచము ఔషధానికి ఎందుకు చేయదు? పీల్పుతో పనిచేసే ఇన్హేలరు కూడా ఉన్నదే! కాని అది రోగి ఎదుటికి రాదు. అతడు దానిని ఎంచుకొనుట లేదు. ఎవరో వ్రాసి ఇచ్చినది పుచ్చుకొనుచున్నాడు.

"నేర్పితే అందరూ నేరుస్తారు, పరికరమును మార్చనేల?" అనేవారున్నారు. నేర్పవలసినదే, పంతులుగా బ్రతికినవాడను, నేర్పుట వలదని అనను. కాని విద్యకు లొంగేది తెలియనితనము. అరిగిన కీలు పాఠము వినదు. మిత్రులారా, మన సంగతే తలచుకొనండి. తెలుగు టైపు కీబోర్డుల అమరిక మన వ్రేళ్ళకు పట్టుబడనప్పుడు, 2006 ప్రాంతాల లేఖిని వంటి ఉపకరణాలు వచ్చినవి. అప్పుడు "వ్రేళ్ళను దిద్దుకొని రండి" అని మనలను ఎవరూ వెనుకకు పంపలేదు. ఉపకరణమే మన వ్రేళ్ళ వద్దకు నడచి వచ్చినది. అందువలననే ఈనాడు ఇన్ని తెలుగు పుటలు. అక్షరానికి దక్కిన ఆ దయ ఊపిరికి దక్కవలదా?

ధర సంగతి నిజమే. గుళికల పరికరము చవక. స్పేసరూ, పీల్పుతో పనిచేసేవీ అదనపు ఖర్చు. వైద్యునికి ఒక్కొక్క రోగికి దొరికే నిమిషాలూ తక్కువే. కాని సరిగా లోపలికి పోని చవక మందు కన్న దుబారా ఏమున్నది? ఒక్క రాత్రి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుతో స్పేసర్ వచ్చును. ఉబ్బసము పై వైద్యులకు మార్గదర్శనము చేసే అంతర్జాతీయ సంస్థ 'జినా' కూడా పరికరము ఎంచుకొనునప్పుడు కీళ్ళవాతము వంటి ఇబ్బందులను చూడుమనీ, రోగి వాడే తీరును ఎదుట పరీక్షించుమనీ చెబుతున్నది. నేను కొత్తగా కోరేది ఏమీ లేదు.

మన పని మనము చేయవచ్చును. ఆనాటి మన మిత్రులలో పలువురి తల్లిదండ్రులు ఇప్పుడు ఎనుబదులలో ఉన్నారు. దేశాంతరాలలో ఉన్నవారు సెలవులకు వచ్చినప్పుడు ఎన్నో వస్తువులు తెచ్చి ఇస్తారు. ఈసారి వచ్చినప్పుడు అమ్మనో నాన్ననో ఇన్హేలరు మీ ఎదుట వాడి చూపుమని అడగండి. సాయము చేయకండి, ఊరక చూడండి. మూత ఎవరు తీస్తున్నారు? గుళిక ఎన్నిసార్లు జారుతున్నది? చీకటిలో, ఒంటరిగా, ఆయాసముతో ఇదే పని చేయగలరా? చూచినది వ్రాసుకొని వైద్యుని ముందు పెట్టండి. మీ అంతట మీరు పరికరము మార్చవద్దు. మోతాదులు వేరు కావచ్చును. "ఈ చేతులకు తగినది ఏది?" అని మాత్రం అడగండి. కొనే ముందు ఖాళీ నమూనాను ఆ చేతులతోనే పట్టించి చూపుమనండి. రెండు మందులుంటే వీలైనంతవరకు రెండూ ఒకే రకపు పరికరంలో ఇమ్మని కోరండి. ఒకదానిని నెమ్మదిగా, మరొకదానిని వేగంగా పీల్చుమంటే ఎవరైనా తికమకపడతారు.

చెప్పులు కొనునప్పుడు పాదము కొలత చూస్తాము. గాజులు తొడుగునప్పుడు మణికట్టు చూస్తాము. ప్రాణవాయువును అందించే పరికరము విషయంలో చేతిని చూడమనుట అత్యాశ కాదు. మీ ఇండ్లలో ఏ ఉపాయము ఏ చేతికి అనుకూలించినదో తెలియజేయగలరు. చదివినవారిలో ఒక్కరికైనా రాత్రి నిద్ర పట్టవచ్చును.