తూటా ఎంపికలో వంటింటి మాట

టెక్సాస్‌లో నవంబరు వచ్చిందంటే మగవాళ్ళ కబుర్లన్నీ జింకల సీజన్ మీదే. అడవిపందులకైతే సీజనంటూ లేదు. పంటలు పాడుచేస్తాయని ఏడాది పొడుగునా వేటాడనిస్తారు. మావారు కూడా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్సు తీసుకుని స్నేహితులతో వెళ్తుంటారు. ఏ తూటా మంచిదన్న చర్చ మా హాల్లో గంటల తరబడి నడుస్తుంది. "వాళ్ళ గోల మనకెందుకు" అని లేచి వెళ్ళిపోయే ఆడవాళ్ళకి నేను చెప్పేదొకటే: కూర్చోండి, వినండి, మీ మాటా చెప్పండి. ఆ మాంసం వండేది మనం, తినేది మన పిల్లలు.

మామూలు వేట తూటాకి లోపల సీసం, పైన రాగి తొడుగు. జంతువుకి తగలగానే విచ్చుకుంటుంది, చిట్లుతుంది కూడా. గాయం చుట్టూ కోసి పారేస్తే చాలనుకుంటాం. కానీ కంటికి కనపడని సీసపు రవ్వలు జానెడు దూరంలోని కండలోకీ వెళ్తాయని ఎక్స్‌రేల్లో తేలింది. 2008లో నార్త్ డకోటాలో, దానంగా వచ్చిన జింక కైమాలో సీసం కనపడితే దాన్ని పేదలకి పంచవద్దన్నారు. పిల్లల ఒంట్లో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదంటారు వైద్యులు. కడుపుతో ఉన్నవాళ్ళకీ అంతే ప్రమాదం.

పైగా మన వంట సంగతి ఒకటుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మన అమ్మమ్మలకి తెలుసు. పులుపు లోహాన్ని కరిగిస్తుంది. మాంసంలోని సీసం కూడా పులుపు తగిలితే ఇంకా ఎక్కువ కరుగుతుంది. మనమేమో పెరుగులో నానబెడతాం, నిమ్మకాయ పిండుతాం, చింతపండు వేస్తాం!

అందుకే నా ఓటు పూర్తి రాగి తూటాకి. "రాగి మాత్రం కరగదా?" అంటారేమో. అది పువ్వులా విచ్చుకుంటుంది గానీ దాదాపు ముక్కలవకుండా అవతలికి దూసుకుపోతుంది. పంది భుజం మీది మందపు తోలుకి కావలసిందీ ఆ చొరవే. సీసంలో 180 గ్రెయిన్లది వాడేవాళ్ళకి రాగిలో 150 సరిపోతుంది. అయితే తూటా మారిస్తే గురి మారుతుంది, రేంజిలో మళ్ళీ సరిచూసుకోవాలి. రాగి విచ్చుకోవాలంటే వేగం ఉండాలి, కాబట్టి మరీ దూరం నుంచి పేల్చకూడదు. నన్నడిగితే అదీ మంచిదే. గాయపడి పారిపోయిన జంతువు పొదల్లో పడి బాధపడే పాపం మనకొద్దు. చవకని పూర్తి తొడుగు తూటాలు కొనేవాళ్ళకీ ఇదే చెప్తాను. అవి విచ్చుకోకుండా దూసుకుపోతాయి, జంతువు త్వరగా ప్రాణం వదలదు.

ఖరీదెక్కువన్నది నిజమే. కానీ సీజన్ మొత్తం మీద జింక మీద పేల్చేవి నాలుగైదు. ఆ కాస్త తేడాకి లెక్కలు చూసుకోవాలా? కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలే నిషేధం. సీసం తిని కాండార్ పక్షులు చచ్చిపోతున్నాయని మొదలైన పోరాటం అది. పక్షుల కోసం చట్టం వచ్చింది. మన పిల్లల కోసం మనమే అడగాలి.

ఎవరైనా ప్రేమగా జింక మాంసం ఇచ్చినా, "ఏ తూటాతో కొట్టారన్నయ్యా?" అని అడగండి. మర్యాద తక్కువేమీ కాదు. పాలు కొంటే డేటు చూసుకోమూ?