ఉత్తరుని రెండు మాటలు

పని మొదలుపెట్టకముందే గొప్పలు చెప్పుకొనేవారిని చూసి ‘ఉత్తర కుమార ప్రగల్భాలు’ అనడం మనకు అలవాటు. కన్నడ సీమలో పెరిగే పిల్లలు ‘ఉత్తరన పౌరుష’ అనే మాటను ఇరుగుపొరుగుల నోట వినే ఉంటారు. ‘నర్తనశాల’ (1963) చిత్రంలో రేలంగి ఆ పాత్ర ధరించి అందరినీ నవ్వించారు. అయితే ఉత్తరుని కథలో మనం సగమే గుర్తుంచుకొన్నామని నా అభిప్రాయం.

విరాటపర్వాన్ని తెలుగు చేసినవాడు తిక్కన. విరాటరాజు సుశర్మతో యుద్ధానికి వెళ్ళిన సమయం చూసి కౌరవులు మరొక దిక్కున గోవులను పట్టుకొన్నారు. ఆ వార్త వచ్చేసరికి ఉత్తరుడు అంతఃపురంలో స్త్రీల నడుమ ఉన్నాడు. తగిన సారథి ఉంటే కౌరవసేనను తానొక్కడే గెలిచి వస్తానన్నాడు. బృహన్నల సారథిగా కుదిరింది. చెల్లెలు ఉత్తర, ఓడిన వీరుల వస్త్రాలు తన బొమ్మలకు తెమ్మని అడిగింది. యుద్ధం ఇంకా మొదలే కాలేదు, బొమ్మల బట్టలు మాత్రం నిశ్చయమైపోయాయి! తీరా భీష్మద్రోణకర్ణులు కంటబడగానే ఉత్తరుడు రథం దూకి పరుగు తీశాడు.

ఆ సేనను చూసి భయపడనివారెవరు? అయితే ఆ భయాన్ని ఒప్పుకొనే దారిని అతడు తన మాటలతోనే మూసుకొన్నాడు. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక విద్యార్థి, మొదటి శ్రేణి తనకే ఖాయమని వీధంతా చెప్పుకొన్నాడు. లెక్కల్లో తప్పాడు. ఆ ఒక్క పరీక్ష మళ్ళీ రాస్తే సరిపోయేది. వీధివారి ముఖం చూడలేక చదువే మానేశాడు.

ప్రగల్భం ఒకరితో ఆగదు. యుద్ధం గెలిచినవాడు బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు. అది తెలియక విరాటుడు, కంకుభట్టుతో జూదమాడుతూ కొడుకు పరాక్రమాన్ని పొగడసాగాడు. బృహన్నల తోడుండగా గెలవడంలో వింత లేదన్నాడు కంకుభట్టు. రాజుకు కోపం వచ్చి పాచికలతో ముఖాన కొట్టాడు. కంకుభట్టు రూపంలో ఉన్న ధర్మరాజు నెత్తురు నేల రాలకుండా సైరంధ్రి పాత్ర తెచ్చి పట్టవలసివచ్చింది. కొడుకుది కాని గెలుపుకు తండ్రి పొంగిపోయినందుకు నెత్తురు చిందించినవాడు మరొకడు!

ఇక మనం మరచిన సగం. గెలుపు తనదేనని సభలో చెప్పుకొమ్మని అర్జునుడే ఉత్తరునితో అన్నాడు. కాదనేవారు లేరు, తండ్రి మెచ్చుకొంటూనే ఉన్నాడు. అటువంటి నిండు సభలో ఉత్తరుడు, గోవులను మళ్ళించినది తాను కాదని చెప్పాడు. తాను భయంతో పారిపోతుంటే ఒక దేవకుమారుడు ఆపి, తానే యుద్ధం చేశాడని చెప్పాడు. అర్జునుని పేరు బయటపెట్టలేదు, తన పరుగును దాచుకోలేదు. అడగని వారికి కూడా అది చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఆ తరువాత కురుక్షేత్ర యుద్ధం మొదటినాడే ఉత్తరుడు శల్యునికి ఎదురు నిలిచి, పోరాడుతూ మరణించాడు.