రాత్రివేళా స్కానింగ్ అందాలి
మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలై జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులైన తరువాత కూడా, కాలేయంలో చీముగడ్డ పగిలినవారి ప్రాణం వంద కిలోమీటర్ల హైదరాబాద్ దారిపై ఆధారపడి ఉండరాదు. కల్లు అలవాటున్నవారిలో తరచు కనిపించే ఈ అమీబా గడ్డ జ్వరంతోనూ, కుడి పక్కటెముకల కింద మొదలై భుజానికి పాకే నొప్పితోనూ బయటపడుతుంది. దానిని గ్యాస్ నొప్పి అనుకుని మాత్రలతో రోజులు గడిపితే, అరుదుగానైనా, గడ్డ పగిలి చీము కడుపులోకో ఛాతీలోకో చేరుతుంది. అల్ట్రాసౌండ్ ఆ గడ్డను చూపడమే కాక, తెరపై సూది మొనను గమనిస్తూ పిగ్‌టెయిల్ క్యాథటర్‌ను, అంటే కొన చుట్ట తిరిగి ఉండే సన్నని గొట్టాన్ని, లోపలికి పంపి గోధుమరంగు చీమును వెలికితీసే వీలు కల్పిస్తుంది కనుక చాలామందికి పొట్ట కోయవలసిన అవసరమే తప్పుతుంది. కాలేయ ధమని చిట్లడం వంటి మరో అత్యవసర స్థితిలోనైతే, సీటీ స్కాన్ చూపిన చోటికి గజ్జలోని ధమని గుండా గొట్టం పంపి రక్తస్రావాన్ని ఆపే ఎంబొలైజేషన్ చికిత్స చేయవచ్చు. యంత్రాలు కొన్నంత మాత్రాన ఈ చికిత్సలు సమకూరవు. అర్ధరాత్రి దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన రోగికి స్కాన్ తీసి, చదివి, అక్కడికక్కడే గొట్టం వేయగల రేడియాలజిస్టు విధుల్లో ఉండాలి. అందుకు తగిన పోస్టులను రెండు ఆసుపత్రులలోనూ ప్రభుత్వం ముందుగా భర్తీ చేయాలి, అంతవరకు హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి నిపుణులను వంతులవారీగా పంపాలి.