తప్పు దిద్దే అధికారం ఎవరిది?

వక్ఫ్ ఆస్తుల వివరాలు నమోదు చేసేందుకు కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 జూన్ 6న ప్రారంభించిన ‘ఉమీద్’ పోర్టల్ గడువు డిసెంబర్ 6న ముగిసింది. శాఖ ప్రకటించిన లెక్క ప్రకారం ఆ ఆరు నెలల్లో దేశవ్యాప్తంగా 5,17,040 ఆస్తుల నమోదు మొదలైంది. వాటిలో ఆమోదం పొందినవి 2,16,905. సమర్పించినా ఆమోదానికి నోచుకోనివి 2,13,941. తిరస్కరణకు గురైనవి 10,869. మిగిలిన సుమారు 75 వేలు సమర్పణ దాకా చేరనే లేదని ఈ అంకెలే చెబుతున్నాయి. ఇదే శాఖ నడిపిన పాత ‘వామ్సీ’ వ్యవస్థలో 8.72 లక్షల స్థిరాస్తులు కనిపించేవి. రెండు లెక్కల ప్రమాణాలు వేరనుకున్నా ఈ అంతరం చిన్నది కాదు.

2025 నాటి వక్ఫ్ సవరణ చట్టంపై మన అభ్యంతరాలు మనకున్నాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, ఉమీద్‌ను ఒక సాంకేతిక పథకంగా చూద్దాం. ప్రభుత్వ శాఖల్లో ఇటువంటి పథకాలు కొన్ని ప్రజలకు మేలు చేస్తాయి, కొన్ని ప్రజలను తిప్పలు పెడతాయి. ఈ తేడా ఎక్కడ పుడుతుంది? దస్త్రాల మధ్య జీవితం గడిపిన గుమాస్తాను అడిగితే సమాధానం సులువుగానే దొరుకుతుంది. కంప్యూటర్ రాకముందు కాగితం ఎంత సరిగా ఉంది, వచ్చిన తరువాత అందులో దొర్లిన తప్పును దిద్దే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్న రెండు విషయాలే పథకం తలరాతను నిర్ణయిస్తాయి.

కర్ణాటకలో 2000 ప్రాంతంలో అమలైన ‘భూమి’ పథకం ఇందుకు మంచి ఉదాహరణ. గ్రామ లెక్కాధికారుల వద్ద చేతిరాతలో ఉన్న సుమారు 2 కోట్ల భూ రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రైతు తాలూకా కేంద్రానికి వెళ్లి 15 రూపాయలు కడితే పహాణీ నకలు చేతికిచ్చారు. పేరు మార్పు దరఖాస్తులను వచ్చిన వరుసలోనే తీసుకున్నారు. ఏ అధికారి ఏ మార్పు చేశాడో వేలిముద్ర సహా నమోదయ్యే ఏర్పాటు చేశారు. అంటే బాధ్యత వహించే మనిషి కనిపించాడు. 2001లో హైదరాబాద్‌లో మొదలైన ఈ-సేవ కేంద్రాలను జనం ఆదరించడానికీ కారణం ఇటువంటిదే. ఇంట్లో కంప్యూటర్ లేనివారికి సైతం కౌంటర్ వెనుక ఒక మనిషి సమాధానం చెప్పాడు.

తెలంగాణలో 2020 అక్టోబర్ 29న వచ్చిన ‘ధరణి’ మరో పాఠం నేర్పింది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట జరగడం నిజంగానే సౌకర్యం. అయితే అదే ఏడాది చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. రికార్డులో పేరు తప్పినా, విస్తీర్ణం తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి చేరినా దిద్దించుకునే దారి ఇరుకైపోయింది. తహసీల్దారు తన కళ్లముందున్న తప్పును సైతం సరిచేయలేని స్థితిలో రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. చివరకు 2025 ఏప్రిల్‌లో ‘భూ భారతి’ని తెచ్చి అప్పీలు వ్యవస్థను పునరుద్ధరించవలసి వచ్చింది.

పోర్టల్ ఉన్నంత మాత్రాన తనిఖీ జరిగినట్టు కాదని మన పిల్లల ఉపకారవేతనాల వ్యవహారం రుజువు చేసింది. మైనారిటీ స్కాలర్‌షిప్పులపై జరిపిన విచారణలో పరిశీలించిన 1,572 సంస్థల్లో 830 బోగస్‌వనో, పనిచేయనివనో తేలాయి. 144 కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని అంచనా వేసి 2023లో కేసును సీబీఐకి అప్పగించారు. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే నడిచాయి. క్షేత్రస్థాయిలో కళ్లతో చూసి సంతకం చేయవలసినవారు చూడలేదు. అన్యాయమైంది అర్హులైన విద్యార్థులకే.

ఇప్పుడు ఉమీద్‌ను ఈ కొలబద్దలతో కొలుద్దాం. ఇదివరకే రిజిస్టరైన వక్ఫ్ ఆస్తుల వివరాలను సైతం మళ్లీ మొదటినుంచి నింపమన్నారు. కొలతలు, జియో ట్యాగింగ్ అడిగారు. మన గ్రామాల్లో ఆషూర్‌ఖానా, ఖబరస్తాన్, చిన్న దర్గా బాధ్యత చూసే ముతవల్లీలలో చాలామంది వయసు మీరినవారు, అతి తక్కువ ఆదాయంతో బతికేవారు. వారి వద్ద ఉన్న పత్రాలు అనేకం ఉర్దూలోనో ఫారసీలోనో ఉంటాయి. గెజిట్‌లోని సర్వే నంబర్ తరువాత ఉపవిభజనకు గురై ఉంటుంది. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల హద్దులు మారాయి. పత్రంలో ఒక జిల్లా, తెరమీద మరో జిల్లా! ముతవల్లీ నింపి, పరిశీలకుడు చూసి, అధికారి ఆమోదించే మూడంచెల పద్ధతిలో ఈ వైరుధ్యాన్ని సరిదిద్దవలసింది ఎవరు? అందరికీ కలిపి గడువు పొడిగించేందుకు సుప్రీంకోర్టు డిసెంబర్ 1న నిరాకరించి ట్రిబ్యునళ్లను ఆశ్రయించమన్నది. మారుమూల ఊరి ముతవల్లీకి ట్రిబ్యునల్ మెట్లెక్కడం అంత తేలిక కాదు.

కనుక మనం అడగవలసింది స్పష్టంగా అడగాలి. జిల్లాకొక సహాయ కేంద్రం, అందులో ఉర్దూ చదవగల సిబ్బంది, సర్వేయర్ ఉండాలి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణం లిఖితపూర్వకంగా తెలపాలి. చిన్న పొరపాటును జిల్లా స్థాయిలోనే సవరించే అధికారం కల్పించాలి. వామ్సీలో ఉన్న వివరాలను ప్రభుత్వమే సరిపోల్చి చూపాలి. సాంకేతిక లోపంవల్ల నమోదు ఆగిన ఆస్తి హక్కు కోల్పోరాదు.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి మసీదు కమిటీ తన గెజిట్ ప్రతి, ముంతఖబ్, పహాణీ, రశీదులు ఒకచోట చేర్చి నకళ్లు భద్రపరచాలి. దరఖాస్తు సంఖ్య, సమర్పించిన తేదీ, తెరమీద వచ్చిన సందేశం పుస్తకంలో రాసి ఉంచాలి. చదువుకున్న యువకులు వారానికి ఒక పూట ముతవల్లీల పక్కన కూర్చోవాలి. గడువు ముగిసేనాటికి ఆమోదం కోసం ఎదురుచూసిన 2,13,941 ఆస్తులలో మన ఊరి ఖబరస్తాన్ ఉందో లేదో ముందుగా తెలుసుకోవలసింది మనమే.