రచయిత స్వధర్మము: క్రిస్టఫర్ ఇషర్‌వుడ్

లౌకికవృత్తి సాధనకు ప్రతిబంధకమనియు, ఆశ్రమమున ప్రవేశించి వెలుపలికి వచ్చినవాడు యోగభ్రష్టుడనియు సాధకులలో అనేకులు తలతురు. ఈ అభిప్రాయము ఎంతవరకు సమంజసము? ఆంగ్లనవలాకారుడు క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ జీవితము ఈ ప్రశ్నకు ఆలోచింపదగిన సమాధానమును ఇచ్చుచున్నది.

ఆయన 1904లో ఇంగ్లండులో జన్మించెను. సైనికాధికారియైన తండ్రి 1915లో ప్రథమ ప్రపంచయుద్ధమున హతుడయ్యెను. యౌవనమున బెర్లిన్ నగరమున నివసించి, నాజీల విజృంభణమును కన్నులారా గాంచి, 1939లో ‘గుడ్‌బై టు బెర్లిన్’ వెలువరించెను. అందలి కథకుడు తీర్పు చెప్పక, చూచినదానిని చూచినట్లు గ్రహించు కెమెరా వంటివాడు. కవియగు ఆడెన్‌తో కలసి ఇషర్‌వుడ్ మూడు నాటకములు రచించెను. చలనచిత్రములకును పనిచేసెను, ఆ అనుభవమే 1945లో ‘ప్రేటర్ వయొలెట్’ అను నవలగా రూపొందినది. బెర్లిన్ కథలు ఇతరుల చేతులలో 1951లో నాటకముగను, 1966లో ‘క్యాబరే’ అను సంగీతనాటకముగను, 1972లో చలనచిత్రముగను అవతరించి లోకప్రసిద్ధి పొందినవి.

ఇంతటి కీర్తి కలిగినను, ఆయన అంతరంగమున ఒక విషాదము నిలిచియుండెను. 1939లో అమెరికా చేరిన పిమ్మట యూరపులో యుద్ధము చెలరేగినది. తాను ప్రేమించిన మిత్రుడే జర్మన్ సేనలో ఉండగా, ఆ సేనపై ఆయుధమెత్తుట ఎట్లు? స్వజనమును ఎదుట చూచి ధనుస్సును జారవిడిచిన అర్జునుని ప్రశ్నయు ఇదియే కదా! ఈ స్థితిలో ఆయన హాలీవుడ్‌లోని వేదాంతకేంద్రమున శ్రీరామకృష్ణ సంప్రదాయమునకు చెందిన స్వామి ప్రభవానందను ఆశ్రయించెను. 1943 నుండి 1945 వరకు అచ్చటనే సాధకుడై నివసించెను. గురుశిష్యులు కలసి చేసిన భగవద్గీతానువాదము 1944లో, యుద్ధము ఇంకను సాగుచుండగనే, ప్రచురితమైనది.

యుద్ధవిముఖుడు గీతను అనువదించుట విరుద్ధముగా తోచవచ్చును. కాని గీత అందరకును ఒకే కర్మను విధింపదు. క్షత్రియుడగు అర్జునునకు అతని స్వభావమును, స్థితిని అనుసరించియే ఉపదేశము జరిగినది. ఎవనికి వాని స్వధర్మమే శ్రేయస్కరము. ఇషర్‌వుడ్ గీతను ఇట్లే అవగాహన చేసికొనెను.

ఆ సూత్రమును ఆయన జీవితమునకును అన్వయింపవలెను. సన్న్యాసమును స్వీకరింపక, 1945లో ఆయన కేంద్రమును విడిచెను. ఇది పతనమా? తరువాతి సంవత్సరములే సాక్ష్యము. గురువుతో కలసి చేసిన వివేకచూడామణి అనువాదము 1947లోను, పతంజలి యోగసూత్రముల అనువాదవ్యాఖ్యానము 1953లోను వెలువడినవి. 1965లో శ్రీరామకృష్ణుల జీవితచరిత్రను ప్రకటించెను. గీతానువాదమున గద్యపద్యములను సందర్భానుసారముగా మేళవించిన రచనానైపుణ్యము కేవలము జపధ్యానములవలన లభించునది కాదు. అది సాహిత్యవృత్తిలో దీర్ఘకాలము అభ్యసించిన విద్య. ఆ విద్యను ఆయన గురుచరణములకు సమర్పించెను. కర్మయోగమునకు ఇంతకంటె వేరు నిర్వచనమేల?

1967 నాటి ‘ఎ మీటింగ్ బై ద రివర్’ నవలలో ఇద్దరు సోదరులు కలరు. తమ్ముడు కలకత్తా సమీపమున గంగాతీరమందలి మఠములో సన్న్యాసదీక్షకు సిద్ధపడుచుండును. అన్న చలనచిత్రవ్యాపారమున నిమగ్నుడు. ఈ ఇరువురును రచయిత హృదయమందలి రెండు ప్రవృత్తులే యని చెప్పవచ్చును. ఒకదానిని గెలిపించుటకై రెండవదానిని ఆయన నిందింపలేదు. అనంతరము ఆ నవలను నాటకముగను మలచెను.

అయినచో, ఇది భోగమునకు అనుజ్ఞాపత్రము కాదా? కాదు. ఆయన ఎన్నడును సిద్ధుడనని చెప్పుకొనలేదు. గురువు 1976లో దేహము చాలించువరకు ఆ సంబంధమును నిలుపుకొనెను. 1980లో ప్రకటించిన ‘మై గురు అండ్ హిజ్ డిసైపుల్’ గ్రంథమున తన చాంచల్యమును, సందేహములను, పురుషులయెడ తనకు గల ప్రేమను దాచక వ్రాసెను. ఇవన్నియు ఎరిగియు శిష్యుని త్యజింపని గురుకారుణ్యమును అంతే స్పష్టముగా చిత్రించెను. తన్ను తాను మహాత్మునిగా చూపుకొనుట సులభము; ఉన్నది ఉన్నట్లు చూపుటయే సత్యవ్రతము.

కెమెరా బాహ్యదృశ్యమును మాత్రమే గ్రహించును. తన్ను తాను చూచుకొనలేదు. వేదాంతము బోధించు సాక్షి, చూచు మనస్సును సైతము దృశ్యముగా చూచును. బెర్లిన్ నాటి కెమెరాదృష్టి నుండి వార్ధక్యమున వ్రాసిన ఆత్మకథలోని నిష్కపటదృష్టి వరకు సాగిన ప్రయాణమే ఇషర్‌వుడ్ సాధన. 1986లో ఆయన మరణించునాటికి ఆ సాధన పరిపూర్ణమైనదా యని నిర్ణయించుట ఇతరుల పని కాదు. కాషాయము ధరింపలేకపోతినని కుందు సాధకుడు తెలియవలసినది ఒక్కటియే: చేతనున్న పనిముట్టు కలమైనను, నాగలియైనను, దానిని సత్యమునకు సమర్పించినవానికి మార్గము మూసికొనదు.