నేరం నాది కాదు, లేని ఫిల్టరుది!

ఇంట్లో ఏది చెడినా ముందు వేలు తిరిగేది ఇల్లాలి వైపే. పాలు విరిగితే ఆవిడే, పిల్లాడికి మార్కులు తగ్గితే ఆవిడే. ఈ జాబితాలో ఇంటర్నెట్ కూడా చేరి చాలా ఏళ్ళయింది. "నువ్వు ఫోనెత్తావు, నా నెట్టు పోయింది!" టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ నడిచే ఇంట్లో ఉండి, ఈ కేక వినని అదృష్టవంతురాలు ఎవరైనా ఉంటే ఆవిడకి చేతులెత్తి దండం పెడతాను.

ఫైబరు వేయించుకున్నవాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళు ఈ పేజీ తిప్పేసినా నేనేమీ అనుకోను. నా మాటలు డి.ఎస్.ఎల్. కనెక్షన్ ఇంకా మిగిలివున్న ఇళ్ళ గురించి. అంటే ఒకే జత రాగితీగల మీద ఫోనూ నెట్టూ రెండూ వచ్చే ఇళ్ళన్నమాట. అలాంటి ఇంట్లో లైన్ ఫిల్టరు అవసరమా, కాదా? అవసరమే, ఫోనున్న ప్రతిచోటా అవసరమే అని నా వాదన.

"అదో అలంకారం! లేకపోయినా నడుస్తోందిగా" అనే మహానుభావులున్నారు. నడుస్తుందండీ, ఎందుకు నడవదూ! ఎవరూ ఫోను ముట్టుకోనంతసేపూ నడుస్తుంది. మూతలేని గిన్నెలో పాలు కూడా పిల్లి వచ్చేదాకా భద్రంగానే ఉంటాయి.

ఫిల్టరు అనగానే మనకి కాఫీయే గుర్తొస్తుంది. పోలిక మరీ దూరం కాదు. ఇక్కడా ఒకదాన్ని దిగనిచ్చి ఇంకోదాన్ని ఆపటమే పని. టెలిఫోనులో మన గొంతు సెకనుకి 300 నుంచి 3,400 కంపనాల మధ్య ప్రయాణం చేస్తుంది. నెట్టు సంకేతాలు అదే తీగ మీద అంతకు చాలా పైన, సుమారు 26 వేల కంపనాల దగ్గర మొదలై 11 లక్షల దాకా, తర్వాత వచ్చిన రకంలో 22 లక్షల దాకా పోతాయి. కింది వాటాలో మన మాటలు, మేడమీద నెట్టు. ఒకరి జోలికొకరు పోనక్కర్లేదు. కానీ పాపం, ఫోనుకి ఈ వాటాల సంగతి తెలియదు. అది మాటల కోసం పుట్టింది. మేడమీది సంకేతాలు దాంట్లో దూరితే మన చెవిలో బుస్సుమని రొద. రిసీవరు ఎత్తితే తీగ మీద భారం మారిపోతుంది. గంట మోగితే ఒక్కసారిగా పెద్ద వోల్టేజి వచ్చి పడుతుంది. ఆ కుదుపుకి మోడెం పట్టు జారి, మళ్ళీ మొదటినుంచీ మొదలెడుతుంది. ఫిల్టరు మేడకీ కింది వాటాకీ మధ్య తలుపు. మాటలని ఫోనులోకి వదులుతుంది, మిగతావాటిని గడప దగ్గరే ఆపుతుంది, ఫోను చేసే అల్లరి నెట్టు దాకా పోకుండా చూస్తుంది.

మరి "నెట్టున్నప్పుడు ఫోను ముట్టుకోకు" అనే శాసనం ఎక్కణ్ణించి వచ్చింది? మన దేశంలో 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో మోడెం కూడా మనలాగే నంబరు తిప్పి, గొంతు వెళ్ళే దారిలోనే వెళ్ళేది. అది మాట్లాడుతుంటే మనం మాట్లాడ్డానికి నిజంగానే వీల్లేదు. ఆ రోజుల్లో ఆ శాసనం న్యాయమే. కానీ 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ తెచ్చింది రెండూ ఒకేసారి పనిచేసే పద్ధతిలో. యంత్రం మారింది, ఆంక్ష మాత్రం మారలేదు. కారణం పోయినా ఆచారం మిగలటం మన ఇళ్ళలో కొత్తా ఏమిటి? మిగిలిన ఆచారం ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పాలా?

ఇంకో రకం పండితులున్నారు. "ఫిల్టరు లేకుండా నడిచేలానే ఇంజనీర్లు తయారుచేశారు, నేను చదివాను" అంటారు. చదివింది అబద్ధం కాదు. 1999లో ఫిల్టర్ల బెడద లేకుండా ఉండాలనే జి.లైట్ అనే తక్కువ వేగం రకం ఒకటి తెచ్చారు. తీరా ఇళ్ళలో పెట్టి చూస్తే చాలా ఫోనులకి ఫిల్టరు తగిలించక తప్పలేదు. పెళ్ళికి ముందు కట్నం వద్దన్న వియ్యంకుడు పీటల మీద గొంతు మార్చినట్టుగా ఉంది వ్యవహారం.

అసలు తప్పు ఎక్కువగా జరిగేది రెండో ఫోను దగ్గర. మా ఇంటికి కనెక్షన్ ఇవ్వటానికి వచ్చిన అబ్బాయి హాల్లో ఫోనుకి ఫిల్టరు పెట్టి, సంతకం పుచ్చుకుని వెళ్ళిపోయాడు. వంటింటి పక్కన పారలల్ ఫోను ఉందనీ, పగలల్లా ఇంట్లో మోగేది అదేననీ అతనికి పట్టలేదు. ఆ ఫోనులో మా అమ్మ రోజూ పలకరిస్తుంది. ఎనభై దాటిన మనిషి, సెల్లులో గొంతు ఆనదు. ఆవిడతో పది నిమిషాలు మాట్లాడితే ఇంట్లో నేను దొంగలా నిలబడాలి! ఒక గదిలో ఫిల్టరు పెట్టి ఇంకో గదిలో మానెయ్యటమంటే వీధి తలుపు గడియ వేసి దొడ్డి తలుపు బార్లా తెరవటమే. ఫోనుకొకటి చొప్పున ఉండాలి, ఫ్యాక్స్ ఉంటే దానికీ ఉండాలి. లేదూ, తీగ ఇంట్లోకి వచ్చేచోటే పెద్ద స్ప్లిటర్ ఒకటి పెట్టి, అక్కణ్ణించి ఫోనులన్నింటికీ ఒక దారి, మోడెంకి ఒక దారి విడదీయాలి.

న్యాయం న్యాయమే కనక, అక్కర్లేని చోటు కూడా చెబుతాను. లైను మీద ఫోనే లేదు, మోడెం ఒక్కటే ఉంది అంటే ఫిల్టరుతో పనిలేదు. మోడెంకి వెళ్ళే తీగకి ఫిల్టరు తగిలిస్తే నెట్టు అసలే రాదు. ఎక్స్ఛేంజి దూరమై వేగం తగ్గినా, వానకి బయట జాయింటు తుప్పుపట్టినా ఫిల్టరు ఏం చేస్తుంది? ఒక సాయంత్రం ఫోనులన్నీ పీకేసి మోడెం ఒక్కటే ఉంచండి. అప్పుడూ నెట్టు పోతుంటే దోషం మోడెంలోనో, తీగలోనో ఉంది. నిలకడగా ఉంటే ఒక్కొక్క ఫోనే తగిలించి చూడండి. దేంతో గొడవ మొదలైతే దానికి ఫిల్టరు లేదన్నమాట, లేదా ఉన్నది పాడైందన్నమాట.

ఈ పరీక్షకి ఇంజనీరింగు డిగ్రీ అక్కర్లేదు, ఓపిక చాలు. అది మన దగ్గర కావలసినంత ఉంది. ఈసారి "నీ ఫోనువల్లే" అన్న మాట వినిపిస్తే తలదించుకుని రిసీవరు పెట్టెయ్యకండి. "ఈ ఫోనుకి ఫిల్టరేదండీ?" అని అడగండి. జవాబు వచ్చేదాకా అమ్మతో మాట్లాడుతూనే ఉండండి.